ఒక్క డాలరుకు అమ్మిన పేటెంటు

అడ్మిషన్ల కాలం వస్తే ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీల మీద ప్లేస్‌మెంట్ల లెక్క పక్కనే ఇప్పుడు పేటెంట్ల లెక్క కూడా కనిపిస్తోంది. విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ప్రచురితమైన పేటెంట్లకు కొన్ని మార్కులు, మంజూరైన వాటికి మరికొన్ని మార్కులు ఉన్నాయి. 2021లో కేంద్రం విద్యాసంస్థలకు పేటెంటు ఫీజులు 80 శాతం తగ్గించింది. ఆన్‌లైన్ దరఖాస్తుకు 8,000 రూపాయలు కట్టాల్సిన చోట 1,600 చాలు. అన్ని రకాల దరఖాస్తుదారులకూ కలిపి 2023-24లో మన దేశంలో లక్షకు పైగా పేటెంట్లు మంజూరయ్యాయి. పరిశోధన చేసేవాళ్లు తమ పనిని కాపాడుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు, సంతోషించాల్సిందే. అయితే ఒక విశ్వవిద్యాలయానికి ఎన్ని పేటెంట్లు ఉన్నాయో చూసి దాని పరిశోధన విలువ కట్టడం మొదలుపెడితే అసలు విషయం చేజారిపోతుంది. ఆ పేటెంటును ఎవరిని వాడుకోనిచ్చింది, ఏ షరతుల మీద, ఎంత ధరకు అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. వందేళ్లుగా విశ్వవిద్యాలయాలు తీసుకున్న పేటెంట్ల చరిత్ర చూస్తే, ఒకే రకం కాగితం ఒకచోట లక్షల ప్రాణాలు నిలబెట్టింది, మరోచోట పేదవాడి కంచం దగ్గరికి పోషకాన్ని రానివ్వలేదు. తేడా అంతా షరతుల్లో ఉంది.

ముందుగా పేటెంటు ఏమి ఇస్తుందో తేల్చుకోవాలి. కొత్తదీ, ఆ రంగంలో ఉన్నవాళ్లకు ఇట్టే తట్టనిదీ, పనికొచ్చేదీ అయిన ఆవిష్కరణను పూర్తి వివరాలతో బయటపెట్టినందుకు ప్రభుత్వం ఇరవై ఏళ్ల పాటు ఇచ్చే హక్కు అది. ఆ హక్కు ఇతరులను ఆపడానికి మాత్రమే పనికొస్తుంది. నా అనుమతి లేకుండా దీన్ని తయారు చేయకు, అమ్మకు అని చెప్పగలగడమే దాని బలం. పట్టాదారు పాసుపుస్తకం బీరువాలో ఉన్నంత మాత్రాన పొలం పండనట్టే, పేటెంటు చేతిలో ఉన్నంత మాత్రాన వస్తువు బజారుకు రాదు. పైగా ప్రచురితమైన పేటెంటు అని మన కాలేజీలు చెప్పుకొనేది చాలాసార్లు పేటెంటు కూడా కాదు. దరఖాస్తు వేసిన పద్దెనిమిది నెలలకు కార్యాలయం దాన్ని తన జర్నల్లో మామూలుగా వేస్తుంది. అప్పటికి దాన్ని ఎవరూ పరీక్షించి ఉండరు. వస్తువు ఆకారానికి ఇచ్చే డిజైన్ రిజిస్ట్రేషన్‌ది మరో చట్టం. దాన్ని కూడా పేటెంట్ల పద్దులో కలిపి చెప్పడం విద్యార్థులను తప్పుదారి పట్టించడమే.

విశ్వవిద్యాలయం పేటెంటు ఎలా ఉండాలో తెలియాలంటే కెనడాలోని టొరంటోకు వెళ్లాలి. 1921 వేసవిలో అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మెక్లియడ్ ప్రయోగశాలలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కుక్కల క్లోమం నుంచి తీసిన రసంతో చక్కెర వ్యాధి మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు క్లోమం నుంచి తీసిన రసం ఎక్కించారు. అందులో మలినాలు ఎక్కువ, సూది గుచ్చిన చోట చీముగడ్డ లేచింది, ఫలితం అంతంతమాత్రం. జేమ్స్ కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త రాత్రింబగళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఈసారి ఆ కుర్రవాడి రక్తంలో చక్కెర దిగివచ్చింది. అంతవరకూ ఆ జబ్బు వచ్చిన పిల్లలకు వైద్యులు చేయగలిగింది ఒక్కటే, తిండి తగ్గించి కొన్నాళ్లు ఎక్కువ బతికించడం. అలాంటి మందు మీద హక్కు ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు. బాంటింగ్ వైద్యుడు. వైద్యుడు మందు మీద హక్కు కోరడం వృత్తిధర్మానికి తగదని మొదట పేటెంటు దరఖాస్తులో తన పేరే వద్దన్నాడు. చివరకు 1923 జనవరిలో బాంటింగ్, బెస్ట్, కాలిప్ ముగ్గురూ తమ హక్కులను తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు.

ఈ కథ చాలామంది విన్నదే. దాన్ని త్యాగంగానే చెప్పుకుని ఆపేస్తాం. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఆ తర్వాత విశ్వవిద్యాలయం చేసిన పని. లాభం వద్దనుకుంటే పేటెంటు తీసుకోకుండా వదిలేయవచ్చు కదా? అలా వదిలేస్తే తయారీలో ఏ చిన్న మెరుగుదలనో పట్టుకుని ఇంకొకరు పేటెంటు తీసుకుని గుత్తాధిపత్యం చేస్తారని వాళ్లకు తెలుసు. నాసిరకం రసాన్ని సీసాల్లో పోసి ఇన్సులిన్ అని అమ్మేవాళ్లూ పుట్టుకొస్తారు. అందుకే పేటెంటును చేతిలో ఉంచుకుని, ఇన్సులిన్ కమిటీ అని ఒకటి వేసి లైసెన్సులు ఇచ్చారు. పెద్ద ఎత్తున తయారు చేయడం విశ్వవిద్యాలయం వల్ల కాలేదు కాబట్టి అమెరికాకు చెందిన ఎలై లిల్లీ కంపెనీని పిలిచారు. దానికి ఇచ్చిన ప్రత్యేక గడువు ఒక్క ఏడాదే. ఆ తర్వాత ఇతర కంపెనీలకూ లైసెన్సులు వెళ్లాయి. బ్రిటన్ హక్కులను అక్కడి వైద్య పరిశోధన మండలికి ఇచ్చారు. డెన్మార్క్ నుంచి ఆగస్ట్ క్రోగ్ అనే శాస్త్రవేత్త వచ్చి తమ దేశానికి లైసెన్సు అడిగి తీసుకెళ్లాడు. కంపెనీలు తమ సరుకు నమూనాలను టొరంటోకు పంపాలి, అక్కడ కుందేళ్ల మీద పరీక్షించి బలం సరిపోయిందంటేనే అమ్మాలి. ఇతరులను ఆపే హక్కును ఆ విశ్వవిద్యాలయం నాసిరకాన్ని ఆపడానికీ, గుత్తాధిపత్యాన్ని ఆపడానికీ వాడింది. పేటెంటుతో ఇంత మంచి పని చేయించవచ్చని నిరూపించిన ఉదాహరణ నాకు మరొకటి కనిపించదు.

దాదాపు అదే కాలంలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వేరే దారి పట్టింది. 1924లో హ్యారీ స్టీన్‌బాక్ అనే శాస్త్రవేత్త ఆహార పదార్థాల మీద అతినీలలోహిత కిరణాలు పడేటట్టు చేస్తే వాటిలో విటమిన్ డి పెరుగుతుందని కనిపెట్టాడు. పిల్లల ఎముకలు వంకర్లు పోయే రికెట్స్ జబ్బుకు అది విరుగుడు. క్వేకర్ ఓట్స్ కంపెనీ పెద్ద మొత్తం ఇస్తానన్నా ఆయన తన హక్కును అమ్ముకోలేదు. సొంత డబ్బుతో దరఖాస్తు వేసి, 1925లో పూర్వ విద్యార్థులు స్థాపించిన పరిశోధనా ఫౌండేషన్‌కు అప్పగించాడు. రాయల్టీ సొమ్ముతో ఆ విశ్వవిద్యాలయం ఆర్థిక మాంద్యంలో కూడా పరిశోధనలు ఆపకుండా నడిపింది. ఆ సొమ్ము ఊరికే పోలేదు. 1933 చలికాలంలో ఒక రైతు చచ్చిపోయిన పెయ్యను, గడ్డకట్టని రక్తం నింపిన పాల క్యానును, బూజుపట్టిన గడ్డిని ట్రక్కులో వేసుకుని మంచు తుఫానులో పడి అక్కడికి వచ్చాడు. కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని విషం ఏమిటో శోధించి తేల్చింది. కృత్రిమ గుండె కవాటం ఉన్న రోగులు ఇవాళ మన ఊళ్లలో కూడా మింగుతున్న వార్ఫరిన్ మాత్ర ఆ పరిశోధన నుంచి వచ్చిందే.

ఇంత మేలు చేసిన సంస్థే ఒక విషయంలో దారి తప్పింది. విస్కాన్సిన్ పాడి రాష్ట్రం, వెన్న అక్కడి రైతుల బతుకు. వెన్నకు పోటీగా చవకగా దొరికే మార్జరిన్ తయారీదారులకు విటమిన్ డి లైసెన్సు ఇవ్వడానికి ఫౌండేషన్ నిరాకరించింది. వెన్న కొనలేక మార్జరిన్ తినేది పేదవాళ్లు, రికెట్స్ ఎక్కువగా వచ్చేదీ వాళ్ల పిల్లలకే. వ్యవహారం కోర్టుకెక్కింది. సూర్యరశ్మి ఎప్పటినుంచో చేస్తున్న పనికి పేటెంటు చెల్లదని 1940ల మధ్యలో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. మార్జరిన్ పేదల ఆహారమన్న సంగతిని, ప్రజాప్రయోజనాన్ని కూడా ప్రస్తావించింది. ఆ తర్వాత ఫౌండేషన్ ఆ హక్కులను ప్రజలకే వదిలేసింది. స్టీన్‌బాక్ వ్యక్తిగతంగా నిస్వార్థపరుడే, రాయల్టీ పరిశోధనకే పోయింది. అయినా ఎవరికి ఇవ్వకూడదు అన్న ఒక్క నిర్ణయం ఆ మంచితనాన్నంతా మసకబార్చింది.

డబ్బు సంపాదించడం, అందరికీ అందుబాటులో ఉంచడం రెండూ ఒకదానికొకటి పొసగవని అనుకోనక్కర్లేదు. 1973లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెర్బర్ట్ బోయర్ ఒక జీవి జన్యువును కత్తిరించి బ్యాక్టీరియాలో అతికించే పద్ధతి కనిపెట్టారు. స్టాన్‌ఫర్డ్ లైసెన్సుల విభాగంలో ఉన్న నీల్స్ రైమర్స్ ఆ సంగతి పత్రికలో చదివి, వాళ్ల వ్యాసం అచ్చయ్యాక అమెరికా చట్టం ఇచ్చే ఏడాది గడువు ముగియడానికి కొద్ది రోజుల ముందు, 1974 నవంబరులో దరఖాస్తు వేయించాడు. 1980 డిసెంబరులో పేటెంటు వచ్చింది. దాన్ని ఒక్క కంపెనీకి కట్టబెట్టి ఉంటే జీవసాంకేతిక రంగం మొత్తం ఒకరి గుప్పిట్లో ఉండేది. స్టాన్‌ఫర్డ్ అలా చేయలేదు. ముందు 10,000 డాలర్లు, ఆపైన ఏటా 10,000 డాలర్లు, సరుకు అమ్ముడైతే కొంచెం రాయల్టీ, ఎవరు అడిగితే వాళ్లకు ఇవే షరతులు అని ప్రకటించింది. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసుకునేవాళ్లకు లైసెన్సే అక్కర్లేదంది. 1997లో గడువు తీరేలోపు 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి, దాదాపు 25.5 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది. చవకగా అందరికీ ఇచ్చిన పేటెంటే చరిత్రలో అత్యధికంగా సంపాదించిన విశ్వవిద్యాలయ పేటెంట్లలో ఒకటి కావడం గమనించాలి. ఇందులో మన అధ్యాపకులకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. వ్యాసం ముందే అచ్చవడం వల్ల అమెరికా బయట ఆ ఇద్దరికీ హక్కు దక్కలేదు. మన చట్టం కూడా ఈ విషయంలో కఠినమైనదే. జర్నల్లో వ్యాసం వేసేసి తీరిగ్గా పేటెంటుకు వెళ్దామనుకునేవాళ్లు సాధారణంగా హక్కు పోగొట్టుకుంటారు.

ఒక్కరికే కట్టబెడితే ఏమవుతుందో యేల్ విశ్వవిద్యాలయం అనుభవం చెబుతుంది. 1960ల్లో ప్రభుత్వ సొమ్ముతో క్యాన్సర్ కోసం తయారు చేసి పక్కన పెట్టిన డి4టి అనే రసాయనం హెచ్‌ఐవి మీద పనిచేస్తుందని విలియం ప్రూసాఫ్, తాయ్-షున్ లిన్ అక్కడే కనిపెట్టారు. యేల్ ఆ హక్కును బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ కంపెనీకి మాత్రమే ఇచ్చింది. 1994లో మందు బజారుకు వచ్చింది, యేల్‌కు కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. ఆ తర్వాతి ఏళ్లలో దక్షిణాఫ్రికాలో లక్షలాది మంది హెచ్‌ఐవితో చనిపోతూ వచ్చారు. పాశ్చాత్య దేశాల్లో ఏడాది మందుల ఖర్చు మనిషికి పదివేల డాలర్లకు పైమాటే. 2001 ఫిబ్రవరిలో ముంబైకి చెందిన సిప్లా మూడు మందుల కోర్సును సేవాసంస్థలకు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానంది. ఆ మూడింటిలో ఒకటి డి4టి. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ యేల్‌ను అడిగితే, హక్కు కంపెనీకి ఇచ్చేశాం, మా చేతుల్లో ఏమీ లేదన్నది మొదటి జవాబు. విద్యార్థులు కదిలారు. కనిపెట్టిన ప్రూసాఫ్ తానే బయటికి వచ్చి, తన మందు పేదలకు చవకగా అందాలని బహిరంగంగా చెప్పాడు. మార్చి నెల మధ్యలో కంపెనీ దక్షిణాఫ్రికాలో పేటెంటును ప్రయోగించబోనని ప్రకటించింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆఫ్రికాకు వెళ్లిన హెచ్‌ఐవి మాత్రల్లో హైదరాబాదుకు చెందిన హెటెరో, అరబిందో, మ్యాట్రిక్స్ కంపెనీల సరుకు గణనీయంగా ఉంది. 1970 నాటి మన పేటెంటు చట్టం మందుల తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వకపోవడం వల్ల మన రసాయన శాస్త్రజ్ఞులు ఆ నైపుణ్యం సంపాదించుకున్నారు. డి4టికి తీవ్రమైన దుష్ప్రభావాలు ఉన్నాయని తర్వాత తేలి, వాడకం మానేశారన్నది నిజమే. కానీ అది వేరే సంగతి. రోగి చచ్చిపోతున్న వేళ మా చేతుల్లో ఏమీ లేదని చెప్పాల్సిన ఒప్పందం మీద ఒక విశ్వవిద్యాలయం ఎలా సంతకం పెట్టిందన్నదే ప్రశ్న.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. ప్రయోగశాలలో దొరికినదాన్ని మందుగా, యంత్రంగా మార్చడానికి ఏళ్లూ కోట్లూ కావాలి, పోటీ లేదన్న హామీ లేకుండా ఏ కంపెనీ పెట్టుబడి పెట్టదు, అందువల్ల ఒక్కరికే లైసెన్సు ఇవ్వక తప్పదు అంటారు. ఈ వాదన మీదే 1980లో అమెరికా బై-డోల్ చట్టం చేసి, ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన ఫలితాల మీద హక్కును విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. అంతకుముందు ప్రభుత్వం దగ్గర 28,000 పేటెంట్లు ఉంటే వాటిలో అయిదు శాతం కూడా వాడకంలోకి రాలేదని ఆ చట్టం సమర్థకులు లెక్క చూపుతారు. ఆ పేటెంట్లలో చాలా భాగం రక్షణ శాఖ కాంట్రాక్టర్లు తమకు అక్కర్లేదని వదిలేసినవని విమర్శకులు చెప్పే మాటను కూడా వినాలి. అయినా అభ్యంతరంలో నిజం ఉందని ఒప్పుకోవాల్సిందే. క్లినికల్ ట్రయల్స్ అవసరమైన మందుకూ, పరిశోధకులందరికీ పనికొచ్చే ఒక పద్ధతికీ ఒకే షరతు పనికిరాదు. కోహెన్-బోయర్ పద్ధతికి పెట్టుబడిదారుడిని బతిమాలాల్సిన అవసరం లేదు, కొత్త మందుకు ఉంటుంది. కానీ ప్రత్యేక హక్కు ఇవ్వడమంటే అన్ని దేశాలకూ, ఇరవై ఏళ్లకూ, ఏ బాధ్యతా లేకుండా ఇవ్వడం కాదు. గడువు పెట్టవచ్చు, పేద దేశాలను మినహాయించవచ్చు, ఇన్నేళ్లలో బజారుకు తేకపోతే హక్కు వెనక్కి వస్తుందని రాయవచ్చు. టొరంటో 1922లోనే ఏడాది గడువు పెట్టింది. 2007లో స్టాన్‌ఫర్డ్‌తో సహా అమెరికా సంస్థలు కొన్ని కలిసి లైసెన్సులకు పాటించాల్సిన తొమ్మిది అంశాలు ప్రకటించినప్పుడు, పేద దేశాల అవసరాన్ని కూడా వాటిలో చేర్చాయి. ప్రకటన ఒకటి, ఆచరణ ఒకటి. ప్రభుత్వ నిధులు కూడా ఉన్న పరిశోధనలో పుట్టిన ఎంజలుటమైడ్ అనే ప్రొస్టేట్ క్యాన్సర్ మందుకు, ఆ ప్రకటనలో పాలుపంచుకున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మన దేశంలో పేటెంటు కోరింది. 2016లో మన కార్యాలయం తిరస్కరిస్తే ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది ఆ మందు రాయల్టీ హక్కులు వంద కోట్ల డాలర్లకు పైగా అమ్ముడుపోయాయి. ఇంత సొమ్ము వచ్చిన తర్వాత కూడా భారతీయ రోగి మీద హక్కు కోసం పోరాడడాన్ని ఏ పెట్టుబడి వాదనా సమర్థించలేదు.

రెండో అభ్యంతరం సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ప్రజల సొమ్ముతో కనిపెట్టినదానికి అసలు పేటెంటే వద్దు, ప్రపంచానికి వదిలేయాలి అంటారు. ఈ మాటకు అండగా హైదరాబాదులోనే మంచి ఉదాహరణ ఉంది. టెక్సాస్ చిల్డ్రన్స్ ఆసుపత్రిలో, బేలర్ వైద్య కళాశాలలో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొట్టాజ్జి బృందం కొవిడ్ టీకాకు కావలసిన ప్రొటీన్‌ను ఈస్టులో తయారు చేసి, పేటెంటు తీసుకోకుండా హైదరాబాదుకు చెందిన బయలాజికల్ ఇ కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ మిగతా పని, మన దేశంలో ట్రయల్స్ పూర్తిచేసి కార్బెవాక్స్ తయారు చేసింది. 2022 మార్చి నుంచి పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య పిల్లలకు వేసింది ఆ టీకానే. ఇది గొప్ప పని. కానీ అక్కడ చేతులు మారింది కాగితం కాదు, ఈస్టు కణాలు, వాటిని పెంచే నేర్పు. హెపటైటిస్ బి టీకాలను ఈస్టులో తయారు చేసే అనుభవం ఇక్కడ ముందే ఉండడంతో అందుకోవడం తేలికైంది. పేటెంటు వదిలేసినంత మాత్రాన ఆ నేర్పు దానంతటది రాదు. వదిలేసిన జాగాలో ఇంకొకరు పాగా వేయకుండా చూడడం ఇంకా కష్టం. ఇన్సులిన్ కథ కూడా చివరకు అదే చెప్పింది. టొరంటో పేటెంటు గడువు తీరిన తర్వాత వచ్చిన కొత్త రకాల ఇన్సులిన్ మీద, పెన్నుల మీద కంపెనీలు కొత్త పేటెంట్లు తీసుకుని అమెరికాలో ధరలు పెంచుకుంటూ పోయాయి.

పేటెంటును కాపలాగా వాడుకోవాల్సిన అవసరం మనకు పసుపు విషయంలో అనుభవమే. తెగిన వేలి మీద చిటికెడు పసుపు అద్దడం తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు. 1995 మార్చిలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికాలో పేటెంటు పొందింది. మాషేల్కర్ నాయకత్వంలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్ దాన్ని సవాలు చేసి, ముప్పైకి పైగా పాత ఆధారాలు చూపింది. వాటిలో 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం కూడా ఉంది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. నిజామాబాదు, దుగ్గిరాల పసుపు రైతులకు ఆ పేటెంటు వల్ల నేరుగా నష్టం జరిగిందని చెప్పలేం. అందరికీ తెలిసినదాన్ని ఒక విశ్వవిద్యాలయం తన పద్దులో రాసుకోగలిగిందన్నదే కలవరపెట్టే విషయం. సంఖ్య పెంచుకోవడమే లక్ష్యమైతే ఇలాంటి దరఖాస్తులు ఎక్కడైనా పుడతాయి, మన దగ్గర కూడా.

కాబట్టి మన విశ్వవిద్యాలయాలను అడగాల్సింది సంఖ్య తర్వాతి ప్రశ్నలు. ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన మీద హక్కుల కోసం అమెరికా చట్టాన్ని పోలిన బిల్లును 2008లో రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. అందువల్ల ఇవాళ ప్రతి సంస్థా తన విధానం తానే రాసుకుంటోంది. పేటెంటును వాడుతున్నారో లేదో తెలిపే ఫారం 27ను ప్రతి హక్కుదారూ పేటెంటు కార్యాలయానికి సమర్పించాలి, ఇప్పుడు మూడేళ్లకోసారి. ర్యాంకులకు లెక్కించాల్సింది మొదట ఆ ఫారంలోని సమాచారాన్ని. ఎవరికి లైసెన్సు ఇచ్చారు, ప్రత్యేక హక్కా అందరికీ ఇచ్చేదా, వాడకపోతే ఎన్నేళ్లకు వెనక్కి వస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రులకు, రైతులకు ఏ ధరకు ఇవ్వాలని రాశారు, వచ్చిన రాయల్టీలో ప్రయోగశాలలో పనిచేసిన పరిశోధక విద్యార్థికి వాటా ఎంత అన్న వివరాలు ప్రతి విశ్వవిద్యాలయం తన వార్షిక నివేదికలో పెట్టాలి. వ్యాపార రహస్యమని కంపెనీలు కొంత దాచమంటాయి. సాంకేతిక వివరాలు దాచుకోవచ్చు, షరతుల స్వరూపం దాచాల్సిన పని లేదు. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే సంస్థల్లోనైనా ఇంత చేయడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పాలకమండలి ఒక సమావేశంలో తీర్మానం చేస్తే సరిపోతుంది.